లైన్ ఫాలోవర్ రోబో: ఒక్కో భాగాన్నీ విడిగా పరీక్షించుకుంటూ కట్టే పద్ధతి

నేల మీది నల్ల గీత వెంట తనంతట తానే నడిచే రోబో, అంటే లైన్ ఫాలోవర్, గీత తప్పితే అందరూ ముందు ప్రోగ్రాం తెరిచి కూర్చుంటారు. తప్పు చాలాసార్లు అక్కడ ఉండదు. మోటార్లు ఒక్కసారిగా కరెంటు లాగేసరికి బ్యాటరీ వోల్టేజీ పడిపోతుంటుంది, లేదా సెన్సర్లు ఉండాల్సినదానికంటే నాలుగు మిల్లీమీటర్లు పైన ఉంటాయి, లేదా చక్రం షాఫ్ట్ మీద జారుతుంటుంది. అన్నీ బిగించేశాక వీటిలో ఏది తప్పో పట్టుకోవడం చాలా కష్టం. అందుకే ఈ పద్ధతి పట్టుకోండి: ఒక భాగం విడిగా నడిపించాలి, కొలవాలి, సరిగ్గా ఉందని తేలాకే తర్వాతి భాగం కలపాలి. దీనికి మల్టీమీటర్ తప్పనిసరి. అది లేకుండా ఈ పని మొదలుపెట్టకండి.

ముందు ట్రాక్

రోబో కంటే ముందు ట్రాక్ వేయండి. సెన్సర్ల మధ్య దూరం, వేగం, మలుపు తిరగాల్సిన తీరు అన్నీ దాని మీదే ఆధారపడతాయి. మెరుపు లేని తెల్ల చార్టు కాగితాలు గానీ, తెల్ల ఫ్లెక్సు వెనకవైపు గానీ తీసుకుని, దాని మీద 18 నుంచి 19 మిల్లీమీటర్ల వెడల్పున్న నల్ల ఇన్సులేషన్ టేపు అంటించండి. మొదటి ట్రాక్ కోడిగుడ్డు ఆకారంలో ఉంటే చాలు. మలుపుల వ్యాసార్థం 20 సెంటీమీటర్లకు తగ్గకూడదు. గీతలు ఒకదాన్నొకటి దాటడం, 90 డిగ్రీల మూలలు ఇప్పుడే వద్దు.

టేపుకు బదులు మార్కర్‌తో గీద్దామనుకుంటే ఒక చిక్కుంది. కంటికి కారునలుపుగా కనిపించే కొన్ని సిరాలు ఇన్‌ఫ్రారెడ్ వెలుగును పీల్చుకోవు. మీకు నల్లగా కనిపించే గీత సెన్సర్‌కి తెల్లగానే కనిపిస్తుంది. కాబట్టి ఏ సిరా అయినా, ఏ టేపైనా ముందు సెన్సర్ కింద పెట్టి చూశాకే వాడండి.

కావలసినవి

- ఆర్డుయినో ఊనో బోర్డు 1 (మన ప్రోగ్రాం నడిచేది దీని మీదే)
- పసుపు రంగు టీటీ గేర్ మోటార్లు 2 (గేర్ నిష్పత్తి 1:48), వాటికి సరిపోయే 65 మిల్లీమీటర్ల చక్రాలు 2
- బాల్ కాస్టర్ 1
- టీబీ6612 మోటారు డ్రైవర్ 1 (ఊనో సిగ్నల్ ప్రకారం మోటార్లకు బ్యాటరీ కరెంటు ఇచ్చేది)
- టీసీఆర్‌టీ5000 రిఫ్లెక్టివ్ సెన్సర్లు 5, లేదా అవే ఐదు వరసగా ఉండి అనలాగ్ అవుట్‌పుట్ ఇచ్చే బార్
- 18650 లిథియం అయాన్ సెల్స్ 2, హోల్డర్, రెండు సెల్స్‌కి సరిపడే ప్రొటెక్షన్ బోర్డు, ఆన్-ఆఫ్ స్విచ్, 3 యాంపియర్ల ఫ్యూజు
- బ్యాటరీ వోల్టేజీని తగ్గించి 5 వోల్టులు ఇచ్చే బక్ కన్వర్టర్ 1
- 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్లు 2 (పైన 104 అని ఉంటుంది), 470 మైక్రోఫారడ్, 16 వోల్టుల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ 1
- సెన్సర్లు విడిగా తీసుకుంటే 220 ఓంలవి 5, 10 కిలో ఓంలవి 5 రెసిస్టర్లు; బ్యాటరీ కొలతకు ఇంకో రెండు 10 కిలో ఓంలవి
- పుష్ బటన్ 1
- 3 మిల్లీమీటర్ల అక్రిలిక్ షీటు లేదా 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్, సుమారు 15 × 10 సెంటీమీటర్లు
- ఎం3 స్క్రూలు, నట్లు, వాషర్లు, స్పేసర్లు, జిప్ టైలు

డ్రైవర్ గురించి ఒక మాట. చాలా కిట్లలో ఎల్298ఎన్ వస్తుంది. అది పాత తరం ట్రాన్సిస్టర్ డిజైన్. ఒక యాంపియర్ దగ్గర సుమారు 2 వోల్టుల్ని తనలోనే వేడిగా పోగొడుతుంది. టీబీ6612లో మాస్‌ఫెట్లు ఉంటాయి కాబట్టి అంత నష్టం ఉండదు. ఒక్కో మోటారుకు నిలకడగా 1.2 యాంపియర్లు, క్షణకాలం 3.2 యాంపియర్ల దాకా ఇస్తుంది. మీ దగ్గర ఎల్298ఎన్ ఉంటే పారేయనక్కర్లేదు, టీటీ మోటార్లను నడుపుతుంది. కాకపోతే సెల్స్ సగం ఖాళీ అయ్యేసరికి రోబో నీరసపడటం చూస్తారు.

9 వోల్టుల చతురస్రపు బ్యాటరీ మాత్రం వాడకండి. విద్యార్థుల రోబోలు ఆగిపోవడానికి అదే మొదటి కారణం. దాని లోపలి నిరోధం ఎక్కువ. అర యాంపియర్ అడిగినా వోల్టేజీ కూలిపోతుంది. టీటీ మోటార్లు రెండూ ఒకేసారి కదలడం మొదలుపెట్టినప్పుడు క్షణకాలం 2 యాంపియర్ల దాకా లాగుతాయి. లిథియం సెల్స్ వాడటం కుదరకపోతే రీచార్జ్ అయ్యే నికెల్ మెటల్ హైడ్రైడ్ ఏఏ సెల్స్ ఆరు తీసుకోండి, 7.2 వోల్టులు వస్తాయి.

మొదటి పని: చాసిస్, చక్రాలు

మోటార్లు బిగించే ముందు ఒక్కోదాని షాఫ్ట్‌ని చేత్తో తిప్పి చూడండి. గేర్లలో ఎక్కడా పట్టేసినట్టు ఉండకూడదు. తర్వాత ప్రతి మోటారు రెండు టెర్మినల్స్ మధ్యా ఒక 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ టంకం పెట్టండి. బ్రష్‌ల దగ్గర పుట్టే చిన్న నిప్పురవ్వల నాయిస్‌ని అక్కడికక్కడే అణచడానికే ఇది. వైర్లు కూడా అప్పుడే టంకం పెట్టి, ఆ వైర్లను మోటారు ఒంటికి జిప్ టైతో కట్టేయండి. ఈ మోటార్ల రాగి రేకులు కాగితంలా పలుచగా ఉంటాయి. వైరు ఒక్కసారి లాగితే రేకు ఊడి చేతికొస్తుంది, ఇక ఆ మోటారు పనికిరాదు.

మోటార్లను ఎం3 × 30 మిల్లీమీటర్ల స్క్రూలతో చాసిస్‌కు బిగించండి. అక్రిలిక్ అయితే నట్టు తగిలాక పావు మలుపు చాలు. ఇంకా బిగిస్తే షీటు పగులుతుంది, గేర్‌బాక్స్ నొక్కుకుపోయి మోటారు బరువుగా తిరుగుతుంది. రెండు షాఫ్ట్‌లూ ఒకే గీతలో ఉన్నాయా లేదా అని స్కేలు ఆనించి చూసుకోండి.

బాల్ కాస్టర్ ముందువైపు వస్తుంది. దాని కింద వాషర్లు వేస్తూ చాసిస్ నేలకు సమాంతరంగా ఉండేలా సర్దండి. చాసిస్ ముందుకు వంగితే సెన్సర్లు నేలను గీరుతాయి, వెనక్కి వంగితే పైకి లేస్తాయి.

బరువు ఎక్కడ పడుతోందన్నది చాలామంది పట్టించుకోరు. బ్యాటరీని కాస్టర్ మీద కాకుండా, చక్రాల ఇరుసుకు సరిగ్గా పైన పెట్టండి. మొత్తం బరువులో 70 నుంచి 80 శాతం నడిపే చక్రాల మీద ఉండాలి. చిన్న డిజిటల్ త్రాసు మీద చక్రాలు రెండూ పెట్టి, కాస్టర్‌ను అదే ఎత్తున్న పుస్తకం మీద ఆనిస్తే ఎంత పడుతోందో తెలిసిపోతుంది. చక్రాల మీద బరువు చాలకపోతే మలుపులో టైర్లు జారతాయి, అప్పుడు ప్రోగ్రాంలో ఏం మార్చినా ఫలితం ఉండదు.

రెండో పని: పవర్

కరెంటు దారి ఇలా ఉండాలి. రెండు సెల్స్ సిరీస్‌లో, అక్కడి నుంచి ప్రొటెక్షన్ బోర్డు, ఫ్యూజు, స్విచ్. స్విచ్ తర్వాత దారి రెండుగా చీలుతుంది: ఒకటి నేరుగా డ్రైవర్ వీఎం పిన్‌కి (మోటార్ల కరెంటు వచ్చే పిన్), రెండోది బక్ కన్వర్టర్‌కి. బక్ ఇచ్చే 5 వోల్టులు ఊనో బోర్డు 5 వోల్టుల పిన్‌కీ, సెన్సర్లకీ, డ్రైవర్ వీసీసీ పిన్‌కీ (డ్రైవర్ చిప్ పనిచేయడానికి కావలసిన కరెంటు వచ్చేది) వెళ్తాయి. బ్యాటరీ, డ్రైవర్, ఊనో, సెన్సర్లు, అన్నిటి గ్రౌండ్ ఒకటే కావాలి. గ్రౌండ్ కలపడం మరిచిపోతే మోటార్లు పిచ్చిపట్టినట్టు తిరుగుతాయి, లేదా అసలు తిరగవు.

బక్ కన్వర్టర్‌ను బోర్డుకు కలపకముందే బ్యాటరీ పెట్టి, దాని చిన్న స్క్రూ తిప్పుతూ అవుట్‌పుట్‌ను సరిగ్గా 5.0 వోల్టులకు తెచ్చుకోండి. కొత్త మాడ్యూల్ మొదట బ్యాటరీ వోల్టేజీకి దగ్గరగా ఎంతైనా ఇవ్వొచ్చు. కొలవకుండా కలిపితే ఊనోతో పాటు సెన్సర్లన్నీ ఒకేసారి కాలిపోతాయి.

470 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ని డ్రైవర్ వీఎం, గ్రౌండ్ పిన్‌ల పక్కనే పెట్టండి. తెల్ల పట్టీ ఉన్న కాలు గ్రౌండ్‌కి. తలకిందులుగా పెడితే ఉబ్బి పేలుతుంది. బ్యాటరీ నుంచి మోటార్ల దాకా ఉన్న దారిలో సన్నటి జంపర్ వైర్లు, బ్రెడ్‌బోర్డు రంధ్రాలు రెండూ వద్దు. 22 గేజ్ వైరు వాడి టంకం పెట్టండి. జంపర్ వైర్లు సిగ్నళ్లకు మాత్రమే.

ఇప్పుడు కొలవండి. నిండా చార్జ్ అయిన రెండు సెల్స్ 8.4 వోల్టులు చూపించాలి. ఒక్కో సెల్ 3 వోల్టుల కంటే కిందికి దిగితే పాడవుతుంది. కాబట్టి జత 6.6 వోల్టులకు రాగానే ఆపేసి చార్జ్ చేయండి. లిథియం అయాన్ సెల్స్‌కి ఉద్దేశించిన చార్జర్‌తోనే, మనిషి దగ్గర ఉండగానే చార్జ్ చేయాలి. పైపొర చిరిగిన సెల్‌ను ఇక వాడొద్దు.

ఇంకో జాగ్రత్త: బ్యాటరీ 5 వోల్టులు, కంప్యూటర్ యూఎస్‌బీ 5 వోల్టులు రెండూ ఒకేసారి బోర్డుకు రాకూడదు. ప్రోగ్రాం ఎక్కించేటప్పుడు బక్ నుంచి ఊనోకి వెళ్లే 5 వోల్టుల వైరు తీసేయండి. గ్రౌండ్ వైరు మాత్రం ఉంచండి.

మూడో పని: మోటార్లు మాత్రమే

పిన్‌లు ఇలా ఇవ్వండి. ఎడమ మోటారు వేగం (పీడబ్ల్యూఎంఏ) 5కి, దాని దిశ పిన్‌లు 7, 8కి. కుడి మోటారు వేగం (పీడబ్ల్యూఎంబీ) 6కి, దిశ 9, 10కి. డ్రైవర్‌లోని స్టాండ్‌బై పిన్‌ను 5 వోల్టులకు కలపండి. అది ఖాళీగా ఉంటే డ్రైవర్ నిద్రలోనే ఉంటుంది, మోటార్లు ఎంతకీ కదలవు. 0, 1 పిన్‌లను యూఎస్‌బీ సీరియల్ వాడుకుంటుంది కాబట్టి వాటిని వదిలేయండి.

టీటీ మోటార్లు 6 వోల్టుల దాకా తట్టుకుంటాయి. మీ బ్యాటరీ 8.4. అందుకని పీడబ్ల్యూఎం విలువను, అంటే మోటారు వేగం కోసం ఇచ్చే 0 నుంచి 255 దాకా ఉండే సంఖ్యను, 255 దాకా పోనివ్వకుండా 180 దగ్గర కట్టేయండి. 8.4లో 180/255 వంతు అంటే దాదాపు 6 వోల్టులే.

రోబోను ఏదైనా డబ్బా మీద ఎత్తి పెట్టి, చక్రాలు గాల్లో ఉండగా మోటార్లను విడివిడిగా నడపండి. వెనక్కి తిరిగే మోటారుకు డ్రైవర్ దగ్గర రెండు వైర్లూ అటూ ఇటూ మార్చేస్తే చాలు, ప్రోగ్రాం ముట్టుకోనక్కర్లేదు. తర్వాత నేల మీద దించి, వేగం విలువను 0 నుంచి అయిదేసి చొప్పున పెంచుతూ ఏ విలువ దగ్గర ఏ చక్రం కదులుతోందో రాసుకోండి. ఇవి సాధారణంగా 60, 80 మధ్య మొదలవుతాయి. రెండు మోటార్లకూ ఒకే సంఖ్య రాదు. ఆ రెండు సంఖ్యలూ తర్వాత అవసరమవుతాయి.

ప్రోగ్రాం మొదలవగానే ఒక్కసారి నడిచే సెటప్ భాగంలో 13వ పిన్ లైటును మూడుసార్లు మెరిపించే రెండు లైన్లు కూడా రాయండి. ఇది అలంకారం కాదు. రోబో నడుస్తుండగా మధ్యలో ఆ లైటు మళ్లీ మూడుసార్లు మెరిసిందంటే, బోర్డు రీసెట్ అయి ప్రోగ్రాం మొదటికొచ్చిందని అర్థం. మోటార్లు ఆగి ఉన్నప్పుడు ఏ లోపమూ కనిపించదు. రెండు చక్రాలూ ఒక్కసారిగా ముందుకు దూకినప్పుడు, లేదా ముందుకు పోతున్న చక్రం ఒక్కసారిగా వెనక్కి తిరిగినప్పుడు, రోబో కుదుపుతో ఆగుతుంది, లైటు మెరుస్తుంది, మళ్లీ కదులుతుంది. చూసేవాళ్లకు అది ప్రోగ్రాంలో తప్పులాగే కనిపిస్తుంది. మల్టీమీటర్‌ను 5 వోల్టుల లైను మీద పెట్టి అదే కదలిక మళ్లీ చేయించండి. 4.8 కంటే కిందికి పడుతుంటే సెల్స్, స్విచ్, టంకాలు, వైర్ల మందం, ఈ వరసలో చూడండి.

నాలుగో పని: సెన్సర్లు

టీసీఆర్‌టీ5000లో ఒక ఇన్‌ఫ్రారెడ్ లైటు, పక్కనే ఒక ఫొటోట్రాన్సిస్టర్ ఉంటాయి. తెల్ల నేల వెలుగును తిప్పి పంపుతుంది, నల్ల టేపు పీల్చుకుంటుంది. విడి సెన్సర్లయితే లైటుకు 220 ఓంల రెసిస్టర్ సిరీస్‌లో వేయండి. ఫొటోట్రాన్సిస్టర్ కలెక్టర్‌ను 10 కిలో ఓంలతో 5 వోల్టులకు లాగి, ఎమిటర్‌ను గ్రౌండ్‌కి కలిపి, కలెక్టర్ దగ్గరి నుంచి అనలాగ్ పిన్‌కి తీసుకోండి. ఇలా కలిపితే తెలుపు మీద రీడింగ్ తక్కువ, నలుపు మీద ఎక్కువ. ఎడమ నుంచి కుడికి ఏ0 నుంచి ఏ4 దాకా ఇవ్వండి.

లైట్లు వెలుగుతున్నాయో లేదో కంటికి తెలియదు. ఫోన్ కెమెరాలో చూస్తే లేత ఊదా రంగు చుక్కలా కనిపిస్తాయి. వెనక కెమెరాలో కనిపించకపోతే ముందు కెమెరాతో చూడండి, కొన్ని ఫోన్లలో వెనక కెమెరాకు ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే ఫిల్టర్ గట్టిగా ఉంటుంది.

రెండు సెన్సర్ల మధ్య 12 మిల్లీమీటర్లు ఉంచండి. టేపు 19 మిల్లీమీటర్లు కాబట్టి ఎప్పుడూ కనీసం ఒకటి, ఎక్కువసార్లు రెండు గీత మీద ఉంటాయి. గీత ఎక్కడుందో సెన్సర్ల మధ్య దూరం కంటే సన్నగా లెక్కకట్టడానికి ఆ రెండోదే సాయపడుతుంది. వరస మొత్తం ఇరుసుకు 8 నుంచి 10 సెంటీమీటర్లు ముందుండాలి. మరీ దగ్గరైతే మలుపు వచ్చిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. మరీ దూరమైతే ముక్కు ఇటూ అటూ ఊగుతుంది.

ఎత్తు అన్నిటికంటే ముఖ్యం. ఈ సెన్సర్ బాగా పనిచేసేది 2.5 మిల్లీమీటర్ల దగ్గర. నేల ఎగుడుదిగుళ్లను లెక్కలో వేసుకుని 3 నుంచి 5 మిల్లీమీటర్లు ఉంచండి. సీరియల్ మానిటర్ (బోర్డు పంపే సంఖ్యలను కంప్యూటర్ తెర మీద చూపించేది) తెరిచి, తెల్ల కాగితం మీద అయిదు రీడింగులు, నల్ల టేపు మీద అయిదు రీడింగులు పట్టికగా రాసుకోండి. ఊనో 0 నుంచి 1023 దాకా చూపిస్తుంది. ఒకే సెన్సర్‌కి తెలుపు, నలుపుల మధ్య కనీసం 400 తేడా ఉండాలి. లేకపోతే ముందుకు పోకండి, ఎత్తు తగ్గించి మళ్లీ కొలవండి. 200, 260 లాంటి రీడింగులతో ప్రోగ్రాంలో ఏం చేసినా రోబో తడబడుతూనే ఉంటుంది.

కిటికీ పక్కన ఎండలో ఇవే రీడింగులు మళ్లీ తీయండి, విలువలు మారిపోతాయి. ఎండలో ఇన్‌ఫ్రారెడ్ పుష్కలంగా ఉంటుంది. సెన్సర్ల వరస చుట్టూ నేలకు తగలకుండా నల్ల చార్టు కాగితంతో చిన్న పరదా కట్టండి.

అయిదు సెన్సర్లూ ఒకేలా ఉండవు కాబట్టి ప్రతిదాని తెలుపు కనిష్ఠాన్నీ నలుపు గరిష్ఠాన్నీ రోబోనే నేర్చుకోవాలి. 12వ పిన్‌కి ఒక బటన్ పెట్టండి. నొక్కగానే రోబో మూడు సెకన్లపాటు అక్కడే ఇటూ అటూ తిరుగుతూ, ఒక్కో సెన్సర్‌కి వచ్చిన అతి తక్కువ, అతి ఎక్కువ విలువలు దాచుకోవాలి. ఆ తర్వాత ప్రతి రీడింగునూ 0 నుంచి 1000 మధ్యకు మార్చండి. 100 కంటే తక్కువ వచ్చినదాన్ని 0 అనుకోండి, లేకపోతే కాగితం మీది మరకలు కూడా లెక్కలోకి వస్తాయి.

అయిదో పని: గీత ఎక్కడుందో లెక్క

అయిదు సెన్సర్లకు 0, 1000, 2000, 3000, 4000 అని స్థానాలు ఇవ్వండి. ప్రతి రీడింగును దాని స్థానంతో గుణించి, అన్నీ కలిపి, రీడింగుల మొత్తంతో భాగించండి. ఉదాహరణకు రీడింగులు 0, 0, 300, 900, 100 అనుకుందాం. గుణించి కూడితే 6,00,000 + 27,00,000 + 4,00,000 = 37,00,000. రీడింగుల మొత్తం 1300. భాగిస్తే 2846. మధ్య స్థానం 2000 కాబట్టి తేడా 846. అంటే గీత కుడివైపు ఉంది.

ఇక్కడే ఎంతోమంది తట్టుకుని పడతారు. ఊనోలో ఇంట్ అనే రకం 32,767 దాకానే పట్టుకుంటుంది. 37 లక్షల సంఖ్యను అందులో పెడితే తిరగబడి ఏదో రుణ సంఖ్య వస్తుంది. గీత మధ్యలోనే ఉన్నా రోబో ఒక్కసారిగా పక్కకు దూకుతుంది. కూడిక పెట్టే వేరియబుల్‌ను ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే లాంగ్‌గా ప్రకటించండి, గుణకారం కూడా లాంగ్‌లోనే జరిగేలా రాయండి.

మొత్తం 300 కంటే తక్కువ వస్తే గీత సెన్సర్ల కింద లేనట్టే. అప్పుడు భాగించకండి. చివరిసారి తేడా ఏ గుర్తుతో ఉందో గుర్తుంచుకుని, ఆ వైపుకే అక్కడికక్కడే తిరగండి, మధ్య సెన్సర్ 500 దాటేదాకా. తర్వాత 90 డిగ్రీల మూలలు పెట్టుకున్నా ఈ ఒక్క నియమంతోనే గట్టెక్కుతారు.

మోటార్లు ఆపి, రోబోను చేత్తో గీత మీద మెల్లగా ఇటూ అటూ జరుపుతూ సీరియల్ మానిటర్‌లో తేడాను చూడండి. −2000 నుంచి +2000 దాకా ఎక్కడా గెంతకుండా నున్నగా మారాలి. మధ్యలో గెంతితే ఏదో ఒక సెన్సర్ వైరు వేరే పిన్‌లో ఉంది.

ఆరో పని: నడిపించడం

దిద్దుబాటు = కేపీ × తేడా + కేడీ × (తేడా − క్రితం తేడా). కేపీ, కేడీ అనేవి మీరు ట్యూన్ చేసుకునే రెండు సంఖ్యలు. ఎడమ వేగం = మూల వేగం + దిద్దుబాటు, కుడి వేగం = మూల వేగం − దిద్దుబాటు. గీత కుడివైపు ఉంటే ఎడమ చక్రం వేగం పెరగాలి కాబట్టి గుర్తులు ఇలా వచ్చాయి.

మొదటి పదం ఎంత పక్కకు పోయామో చూస్తుంది, రెండోది ఎంత వేగంగా పోతున్నామో చూస్తుంది. 1922లో నికొలస్ మినోర్‌స్కీ ఓడలను తమంతట తామే తిన్నగా నడిచేలా చేయడం గురించి రాసిన పరిశోధన వ్యాసంలో ఉన్న ఆలోచన ఇదే. చేయి తిరిగిన సరంగు ఓడ ఎంత తిరిగిందన్నదే కాదు, ఎంత వడిగా తిరుగుతోందన్నదీ చూసి చుక్కాని పట్టుకుంటాడు. ఇంటిగ్రల్ పదం, అంటే కేఐ, ఈ రోబోకి అక్కర్లేదు. మలుపుల్లో పేరుకుపోయి తిన్నటి దారిలో ఇబ్బంది పెడుతుంది.

కేపీ ఎంతతో మొదలుపెట్టాలి? మూల వేగం 100 అనుకోండి. గీత చివరి సెన్సర్ దగ్గర ఉన్నప్పుడు, అంటే తేడా 2000 అయినప్పుడు, లోపలి చక్రం ఆగిపోవాలి. 100 ÷ 2000 = 0.05. ఇదే మొదటి విలువ. పై ఉదాహరణలో తేడా 846కి దిద్దుబాటు 42. ఎడమ 142, కుడి 58. మీ కుడి మోటారు 70 దగ్గర గానీ కదలదని మూడో పనిలో రాసుకుని ఉంటే, 58 ఇచ్చినా అది ఆగిపోయే ఉంటుంది. అందుకని మోటారుకు పంపే ముందు 0 నుంచి 180 దాకా ఉన్న విలువను 70 నుంచి 180 మధ్యకు మార్చి పంపండి. సున్నాకు మాత్రం సున్నాయే.

లూప్ (ప్రోగ్రాంలో మళ్లీ మళ్లీ నడిచే భాగం) సమయం స్థిరంగా ఉండాలి, లేకపోతే కేడీకి అర్థం ఉండదు. బోర్డు గడియారాన్ని చూపించే మైక్రోస్ ఫంక్షన్ చూసుకుంటూ ప్రతి 5 మిల్లీసెకన్లకు ఒకసారి లెక్క జరిగేలా రాయండి. ప్రోగ్రాంను ఊరికే ఆపి ఉంచే డిలే వాడకండి. అయిదు అనలాగ్ రీడింగులకు కలిపి అర మిల్లీసెకను చిల్లర పడుతుంది, కాబట్టి సమయం బోలెడుంది. ఆ సమయాన్ని తినేది సీరియల్ ప్రింటు. 9600 బాడ్ దగ్గర ఒక్కో అక్షరానికి మిల్లీసెకను పైనే. బఫర్ నిండాక 30 అక్షరాల లైను లూప్‌ను 30 మిల్లీసెకన్లు ఆపేస్తుంది. సెకనుకు 30 సెంటీమీటర్ల వేగంతో పోయే రోబో ఆ లోగా 9 మిల్లీమీటర్లు, అంటే దాదాపు సగం టేపు వెడల్పు, గుడ్డిగా పోతుంది. పరీక్ష అయిపోగానే ప్రింట్ లైన్లు తీసేయండి.

నేల మీద పెట్టే ముందు రోబోను ఎత్తి పట్టుకుని, తెల్ల కాగితానికి అంటించిన టేపు ముక్కను కుడి చివరి సెన్సర్ కింద పెట్టండి. ఎడమ చక్రం వేగం పెరిగితే సరే. కుడి చక్రం పెరిగితే గుర్తు తిరగబడింది.

ఏడో పని: ట్యూనింగ్

కేడీని సున్నా చేసి, మూల వేగం 100తో మొదలుపెట్టండి. రోబో మలుపులో గీత వదిలేస్తుంటే కేపీని 0.01 చొప్పున పెంచండి. తిన్నటి దారిలో తోక ఊపుతూ పోయేదాకా పెంచి, అక్కడ ఆపండి. ఇప్పుడు కేపీకి పది రెట్లు కేడీ పెట్టండి. ఊగడం తగ్గాలి. ఇంకా ఊగుతుంటే కేడీని కొంచెం కొంచెం పెంచండి. చక్రాలు గరగరమంటూ వణికితే కేడీ ఎక్కువైంది, లేదా సెన్సర్ రీడింగుల్లో నాయిస్ ఉంది. ఒకేసారి రెండు విలువలు మార్చకండి. ఏది పనిచేసిందో తెలియదు.

ఆ తర్వాతే మూల వేగం 110, 120 అని పెంచుతూ పోండి. ప్రతిసారీ కేడీ కాస్త పెంచాల్సి రావచ్చు. ప్రతి ప్రయత్నానికీ బ్యాటరీ వోల్టేజీ, మూల వేగం, కేపీ, కేడీ, చుట్టు సమయం రాసుకోండి. ప్రాజెక్టు రిపోర్టులో మీ పని ఎంత లోతుగా చేశారో చూపించేది ఆ పట్టికే. వోల్టేజీ ఎందుకంటే, 8.2 దగ్గర చక్కగా నడిచిన విలువలు 7.2 దగ్గర మందగిస్తాయి. రెండు 10 కిలో ఓంల రెసిస్టర్లతో బ్యాటరీ వోల్టేజీని సగం చేసి ఏ5కి ఇస్తే రోబోనే దాన్ని కొలుచుకుంటుంది. 6.6 వోల్టులకు సగం 3.3, రీడింగు సుమారు 675. అంతకంటే తగ్గితే లైటు వెలిగించండి.

తరచూ వచ్చే లోపాలు

ఒక చక్రమే తిరుగుతోంది: మోటార్లను డ్రైవర్ దగ్గర ఒకదాని స్థానంలో ఒకటి పెట్టండి. లోపం మోటారుతో పాటు మారితే మోటారు లేదా దాని టంకం. అదే వైపు ఉండిపోతే డ్రైవర్ లేదా సిగ్నల్ వైరు.

మోటార్లు తిరిగినప్పుడే సెన్సర్ రీడింగులు ఎగిరెగిరి పడుతున్నాయి: మోటారు మీది కెపాసిటర్ ఊడింది, లేదా మోటారు వైర్లు సెన్సర్ వైర్లతో కలిసి ఒకే కట్టగా పోతున్నాయి. మోటారు వైర్లను మెలిపెట్టి వేరే వైపు నుంచి తీసుకెళ్లండి. గ్రౌండ్‌లో కూడా మోటార్ల కరెంటు సెన్సర్ల గ్రౌండ్ వైరు గుండా పోకుండా, రెండూ ప్రొటెక్షన్ బోర్డు నెగెటివ్ టెర్మినల్ దగ్గరే కలిసేలా చూడండి.

నిన్న నడిచింది, ఈ రోజు మలుపుల్లో జారుతోంది: టైర్ల మీద దుమ్ము. తడి గుడ్డతో తుడవండి. ట్రాక్ కూడా తుడవండి.

వేరే గదిలో నడవడం లేదు: వెలుతురు మారింది. బటన్ నొక్కి క్యాలిబ్రేషన్ మళ్లీ చేయండి. ప్రదర్శన రోజున మొదట చేయాల్సిన పని ఇదే. అక్కడి ట్రాక్ మీదే, అక్కడి దీపాల కిందే చేయాలి.

సర్వో కలిపాక మోటార్లు ఆగిపోయాయి: ఊనోలో సర్వో లైబ్రరీ 9, 10 పిన్‌ల పీడబ్ల్యూఎంను ఆపేస్తుంది. మనం వేగాన్ని 5, 6 పిన్‌లకు ఇచ్చాం కాబట్టి ఈ చిక్కు రాదు. పిన్‌లు మార్చుకున్నవాళ్లు ముందు ఇది చూడాలి.

అడ్డు వస్తే ఆగాలంటే

హెచ్‌సీ-ఎస్ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సర్‌ను ముందు పెట్టొచ్చు. శబ్దం వెళ్లి ప్రతిధ్వనిగా తిరిగి రావడానికి పట్టిన మైక్రోసెకన్లను 58తో భాగిస్తే దూరం సెంటీమీటర్లలో వస్తుంది. అయితే ఆ సమయాన్ని కొలిచే పల్స్‌ఇన్ ఫంక్షన్, ప్రతిధ్వని రాకపోతే మామూలుగా ఒక సెకను దాకా ఎదురుచూస్తుంది, ఆ సెకనంతా రోబో గీత చూడదు. టైమవుట్ విలువ ఇవ్వండి. 20 సెంటీమీటర్ల దాకా చూస్తే చాలు కాబట్టి 2000 మైక్రోసెకన్లు పెట్టొచ్చు. కొలతను ప్రతి లూప్‌లో కాకుండా పది లూప్‌లకు ఒకసారి, అంటే 50 మిల్లీసెకన్లకోసారి తీసుకోండి. వరసగా రెండు కొలతలు 15 సెంటీమీటర్ల లోపు వస్తేనే మోటార్లు ఆపండి. ఒకే ఒక్క తప్పు రీడింగుకు రోబో నడిదారిలో నిలబడిపోకుండా ఉంటుంది.